పాత ప్రోగ్రాం, కొత్త కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచే వచ్చాయి. పాత పెట్టె చచ్చింది, కొత్తది కొన్నాం, ప్రోగ్రాం మాత్రం తెరుచుకోవడం లేదు. అందరి మొరా ఇదే, ఒక్కొక్కరి జబ్బు మాత్రం వేరు. ఉత్తరం రాసే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకుంటే సగం జవాబు మీకే దొరుకుతుంది. ప్రోగ్రాం తాలూకు ఈఎక్స్ఈ ఫైలుకి నకలు తీసి, ఆ నకలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చిరాతలా ఉంటుంది, కంగారు పడకండి. సేవ్ మాత్రం కొట్టొద్దు. మొట్టమొదట ఎం, జెడ్ అనే రెండు అక్షరాలుంటాయి. కొద్ది వరుసల కింద పీ, ఈ పక్కపక్కన కనిపించి, వాటి వెనకే ఎల్ ఉంటే అది 32 బిట్ ప్రోగ్రాం. ఎల్ బదులు చిన్న డి ఉంటే 64 బిట్. పీఈకి బదులు ఎన్ఈ ఉంటే విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ సరుకు. ఇవేవీ లేకుండా ఎంజెడ్ ఒక్కటే ఉంటే చాలామటుకు డాస్ (విండోస్‌కి ముందు వాడిన వ్యవస్థ) ప్రోగ్రామే.

మీ ఉత్తరంలో ఈ సంగతి, ప్రోగ్రాం దేనిదేనికి తగులుకుని ఉందో (ప్రింటరు, కాటా, డాంగిల్ అనే తాళంలాంటి ముక్క) రాస్తే చాలు. ప్రాసెసరు ఎంత, ర్యామ్ ఎంత అని రాయక్కర్లేదు. ఈ శీర్షికలో ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ప్రశ్న: మా రైసుమిల్లులో వేబ్రిడ్జి కాటా ప్రోగ్రాం 1997లో రాయించినది. లారీ ఎక్కగానే బరువు తెర మీదికి వచ్చేది, డాట్ మ్యాట్రిక్స్‌లో చీటీ పడేది. ఆ కంప్యూటర్ పోయింది. కొత్త విండోస్ 11 దాంట్లో "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అంటోంది. కంపాటిబిలిటీలో ఉన్నవన్నీ నొక్కి చూశాం. వెనకాల కాటా తీగ పెట్టుకునే 9 సూదుల రంధ్రం కూడా లేదు. వడ్ల సీజను ముంచుకొస్తోంది. (మిల్లు గుమస్తా, గుణుపురం)

జవాబు: కంపాటిబిలిటీ ట్యాబుతో ఇది తెమలదు. అది 32 బిట్ ప్రోగ్రాములకు పనికొచ్చే మందు. డాస్ ప్రోగ్రాములను నడిపే అర 32 బిట్ విండోస్‌లోనే ఉండేది. 64 బిట్ విండోస్‌లో ఎప్పుడూ లేదు. విండోస్ 11 అసలు 64 బిట్‌లోనే వస్తుంది. "32 బిట్ విండోస్ 10 ఎక్కించేస్తే సరి" అని ఎవరైనా అంటే, మాట నిజమే గానీ దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇప్పుడు కొత్త పెట్టెలో దాన్ని ఎక్కించమని మేం చెప్పం.

మీకు కావలసింది డాస్‌బాక్స్-ఎక్స్, అంటే కొత్త విండోస్‌లోనే పాత డాస్ కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, దానికి ప్రింటరు తెలియదు. డాస్‌బాక్స్-ఎక్స్‌కి ప్రింటరూ తెలుసు, సీరియల్ పోర్టూ తెలుసు. ఉచితం.

పాత హార్డ్‌డిస్కు బతికుంటే యూఎస్‌బీ అడాప్టరుతో కొత్త కంప్యూటర్‌కి తగిలించి, ప్రోగ్రాం ఫోల్డరు మొత్తం తెచ్చుకోండి. ఈఎక్స్ఈ ఒక్కటే తెస్తే లాభం లేదు. డీబీఎఫ్, ఎన్‌టీఎక్స్, మెమ్ అన్న తోకలున్న ఫైళ్లలోనే మీ ఇన్నేళ్ల తూకాలూ ఉంటాయి. తెచ్చినదాన్ని ముందు పెన్‌డ్రైవులో ఒక ప్రతి పెట్టి, రెండో ప్రతిని సి డ్రైవులో కాటా అనే ఫోల్డరులో పెట్టండి. ఫోల్డరు పేరు 8 అక్షరాలు దాటకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. డాస్‌బాక్స్-ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు చివర ఆటోఎగ్జెక్ విభాగంలో మూడు వరుసలు రాయండి: మౌంట్ సి సి:\కాటా, తర్వాత సి:, తర్వాత సెట్ క్లిప్పర్=ఎఫ్:100. మూడో వరుస ఎందుకంటే, ఆ కాలపు లెక్కల ప్రోగ్రాముల్లో చాలా భాగం క్లిప్పర్ అనే భాషలో రాసినవి. చెప్పకపోతే అవి కొద్ది ఫైళ్లే తెరవగలవు. తెర మీద "డాస్ ఎర్రర్ 4" అని పడితే అర్థం అదే, తెరిచిన ఫైళ్లు ఎక్కువయ్యాయని. మీది క్లిప్పర్ కాకపోయినా ఆ వరుస వల్ల నష్టం లేదు.

అదే ఫైల్లో సైకిల్స్ (నటించే ప్రాసెసరు వేగం) అన్నచోట ఫిక్స్‌డ్ 20000 అని పెట్టండి. మ్యాక్స్ అని వదిలేస్తే, మీటకోసం ఎదురుచూస్తూ కూడా ఈ ప్రోగ్రాములు ప్రాసెసరుని ఊరికే తిప్పుతూనే ఉంటాయి. ఫ్యాను హోరెత్తిపోతుంది. "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని వచ్చేవాళ్లకీ ఇదే మందు. అది టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాముల రోగం. మొదలవగానే ప్రాసెసరు వేగం కొలిచి, ఆ లెక్కని 55తో భాగిస్తాయి. వేగం మరీ ఎక్కువైతే భాగఫలం 16 బిట్ల గిన్నెలో పట్టక పొంగిపోతుంది. సైకిల్స్ తగ్గిస్తే పట్టేస్తుంది.

ఇక కాటా తీగ. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే తీగ కొనాలి. చవగ్గా దొరికేవాటిలో పీఎల్2303 అనే చిప్పుంటుంది. వాటిలో పాత రకాలకు, నకిలీలకు కొత్త విండోస్ డ్రైవరు పనిచెయ్యదు. డివైస్ మేనేజర్‌లో పసుప్పచ్చ గుర్తుతో "కోడ్ 10" అని గానీ, ఈ చిప్పు 2012లోనే ఆపేశారన్న సందేశం గానీ కనిపిస్తుంది. పాత డ్రైవరు వెతికి ఎక్కించొచ్చు గానీ, విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్తది తెచ్చి పెడుతుంది. లారీలు వరసకట్టి ఉన్నప్పుడు ఆ గొడవ ఎవరికి కావాలి? ఎఫ్‌టీడీఐ చిప్పున్న తీగ అడిగి కొనండి. ధర ఎక్కువే అయినా తిప్పలు తక్కువ.

తీగ పెట్టాక డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద దాని ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కామ్ 1 ఎంచుకోండి. కామ్ 7, కామ్ 9 అని తనంతట తాను పెట్టుకున్నా నష్టం లేదు గానీ, ప్రతిసారీ ఒకే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి. రంధ్రం మారితే కొన్ని తీగలకు నంబరూ మారిపోతుంది. డాస్‌బాక్స్-ఎక్స్ ఫైల్లో సీరియల్ విభాగంలో సీరియల్1=డైరెక్ట్‌సీరియల్ రియల్‌పోర్ట్:కామ్1 అని రాయండి.

ప్రోగ్రాం తెరిచే ముందు పుట్టీ అనే ఉచిత ప్రోగ్రాంతో కాటాని నేరుగా విని చూడండి. సీరియల్, కామ్ 1, ఇండికేటర్ (కాటా బరువు చూపే పెట్టె) పుస్తకంలో ఉన్న వేగం (2400 గానీ 9600 గానీ తరచుగా ఉంటుంది) పెట్టి ఓపెన్ నొక్కితే బరువు అంకెలు వరసగా జారుతూ ఉండాలి. అంకెలకు బదులు చిత్రమైన గుర్తులు జారితే వేగమో, ప్యారిటీయో తేడా. ఏమీ రాకపోతే 2, 3 సూదుల తీగలు తారుమారు చేసి చూడండి. 5వది ఎప్పుడూ గ్రౌండే. పుట్టీలో అంకెలు వస్తూ మీ ప్రోగ్రాంలో రాకపోతే, ప్రోగ్రాం అవతలివాడు సిద్ధమా అన్న సంకేతం కోసం కాచుకుని ఉందన్నమాట. మూడు తీగలే ఉన్న కేబులులో ఆ సంకేతం రాదు. కంప్యూటర్ వైపు ఉన్న 9 సూదుల మూతిలో 4ని 6కి, 7ని 8కి చిన్న తీగముక్కతో కలిపి టంకం పెట్టిస్తే మోసపోయి నడుస్తుంది.

చీటీ సంగతి. డాట్ మ్యాట్రిక్స్ యూఎస్‌బీది అయితే దాన్ని విండోస్‌లో షేర్ చేసి, కమాండ్ ప్రాంప్టులో నెట్ యూజ్ ఎల్‌పీటీ1 \\కంప్యూటర్ పేరు\ప్రింటర్ పేరు /పర్సిస్టెంట్:యస్ అని కొట్టండి. డాస్‌బాక్స్-ఎక్స్‌లో ప్యారలల్1=ఫైల్ డెవ్:ఎల్‌పీటీ1 అని రాయండి. ప్రోగ్రాం పంపిన సంకేతాలు ఉన్నవి ఉన్నట్టుగా ప్రింటరుకి వెళ్తాయి, చీటీ మునుపటి వేగంతోనే పడుతుంది. లేజర్ ప్రింటరుకి మాత్రం ఈ దారి పనికిరాదు. ఆ సంకేతాలు దానికి అర్థం కాక ఖాళీ కాగితమో, చెత్తో వస్తుంది. దానికి ప్యారలల్1=ప్రింటర్ అని పెట్టి, ప్రింటర్ విభాగంలో ప్రింట్‌అవుట్‌పుట్=ప్రింటర్ అని రాయాలి. అప్పుడు డాస్‌బాక్స్-ఎక్స్ తనే ఎప్సన్ ప్రింటరులా నటించి, పేజీని బొమ్మగా చేసి పంపుతుంది.

ఒక్క హెచ్చరిక. పని అయ్యాక ప్రోగ్రాం మెనూలోంచి బయటికి వచ్చాకే కిటికీ మూయండి. మూల ఉన్న గుణకారం గుర్తు నొక్కేస్తే, కరెంటు పోయినట్టే లెక్క. ఇండెక్సు చెడుతుంది, పాత తూకాలు వెతికితే దొరకవు. అలా జరిగితే మెనూలో రీఇండెక్స్ ఉందేమో చూడండి. డీబీఎఫ్ ఫైలు జోలికి మాత్రం పోవద్దు. యూపీఎస్ పెట్టుకోమని వేరే చెప్పాలా?

ప్రశ్న: మాది పట్టుచీరల దుకాణం. పదిహేనేళ్ల నాటి బిల్లింగ్ ప్రోగ్రాంని కొత్త ల్యాప్‌టాప్‌లో వేయించాం. ఎనిమిది నెలలు బాగానే ఉంది. మొన్న ఎవరో "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెడితే ఇంకా బాగుంటుందని పెట్టారు. అంతే, ఆ ఎనిమిది నెలల బిల్లులూ మాయం! ల్యాప్‌టాప్ కొన్న రోజు దాకా ఉన్నవే కనిపిస్తున్నాయి. పైగా కొన్ని బిల్లుల తేదీలు తలకిందులుగా ఉన్నాయి. (దుకాణదారు, బరంపురం)

జవాబు: బిల్లులు పోలేదు. అవి ఇంకో అరలో ఉన్నాయి. కొత్త బిల్లులు కొట్టడం ఈ క్షణమే ఆపండి.

పాత ప్రోగ్రాములకు తమ లెక్కల ఫైలుని తమ ఫోల్డరులోనే, అంటే ప్రోగ్రాం ఫైల్స్‌లోనే రాసుకునే అలవాటు. విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డరులో మామూలు హక్కులతో రాయడం కుదరదు. ప్రోగ్రాం చతికిలబడకుండా విండోస్ ఒక ఉపాయం చేసింది. రాయబోయిన ఫైలుకి నకలు తీసి, వర్చువల్‌స్టోర్ అనే చోట పెట్టి, "ఇదుగో నీ ఫైలు" అని చూపిస్తుంది. ఎనిమిది నెలలు మీరు రాసింది ఆ నకలులో. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఈ ఉపాయం ఉండదు, ప్రోగ్రాంకి అసలు ఫైలే కనిపిస్తుంది. అది మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫైళ్లు చూపించు అన్నది ఆన్ చేసి, సి:\యూజర్స్\మీ ఖాతా పేరు\యాప్‌డేటా\లోకల్\వర్చువల్‌స్టోర్\ప్రోగ్రాం ఫైల్స్ (ఎక్స్86) దాకా వెళ్లండి. అందులో మీ ప్రోగ్రాం పేరుతో ఫోల్డరు, అందులో ఎండీబీ అన్న తోకతో లెక్కల ఫైలు ఉంటుంది. దాని పరిమాణం అసలు దానికంటే పెద్దదిగా, తేదీ మొన్నటిదిగా ఉంటే అదే మీ ఎనిమిది నెలలు. దుకాణంలో ఇద్దరు ముగ్గురు వేర్వేరు విండోస్ ఖాతాలతో పనిచేస్తుంటే ఒక్కొక్కరికి ఒక్కో వర్చువల్‌స్టోర్ ఉంటుంది. అన్నీ వెతకండి. దొరికినవన్నీ, అసలు ఫోల్డరుతో సహా, పెన్‌డ్రైవులో వేర్వేరు ఫోల్డర్లలో భద్రపరిచాకే తర్వాతి పని.

సి డ్రైవులో నేరుగా షాప్ అనే ఫోల్డరు చేసి ప్రోగ్రాం ఫైళ్లన్నీ అందులోకి తెండి. వర్చువల్‌స్టోర్‌లో దొరికిన ఎండీబీని దాని మీద వేయండి. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబులో యూజర్స్‌కి మాడిఫై హక్కు ఇవ్వండి. అడ్మినిస్ట్రేటర్ టిక్కు తీసేసి, కొత్త చోటి నుంచి షార్ట్‌కట్ చేసుకోండి. ప్రోగ్రాంతో పాటు ఐఎన్ఐ ఫైలుంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అందులో పాత దారి రాసి ఉంటే మార్చండి. ఈ ఒక్కటి మరిచిపోతే, మీరు ఫైలు మార్చినా ప్రోగ్రాం పాత చోటికే వెళ్లి పాత లెక్కలే చూపిస్తుంది.

అడ్మినిస్ట్రేటర్ పెట్టాక కొట్టిన నాలుగు బిల్లులు అసలు ఫైల్లో పడి ఉంటాయి. వాటి నంబర్లు పాత నంబర్లతో ఢీకొంటాయి కాబట్టి రెండు ఫైళ్లనూ కలిపే ప్రయత్నం చెయ్యొద్దు. కాగితం చూసి చేత్తో మళ్లీ కొట్టడమే నయం.

తేదీల సంగతి. కొత్త కంప్యూటర్లు తరచుగా అమెరికా పద్ధతితో వస్తాయి, నెల ముందు, రోజు తర్వాత. మీరు ఏప్రిల్ 3 అనుకుని 03/04 కొడితే ప్రోగ్రాం మార్చి 4గా రాసుకుంటుంది. 13/04 కొడితే 13వ నెల లేదు గనక తనే సర్దుకుని ఏప్రిల్ 13 అని సరిగ్గానే రాస్తుంది. అందుకే నెలలో 1 నుంచి 12 దాకా తప్పు, 13 నుంచి ఒప్పు. రోజూ నెలా ఒకటే అయిన తేదీకి ఎలాగూ తేడా రాదు. మీ తప్పులు ఇలాగే ఉన్నాయేమో చూడండి, ఉంటే కారణం ఇదే. సెట్టింగ్స్‌లో రీజియన్‌ని ఇంగ్లీష్ (ఇండియా) చేసి, చిన్న తేదీ రూపంలో రోజు ముందుండేలా పెట్టండి. ఇప్పటికే తప్పు పడినవి వాటంతట అవి మారవు. బిల్లు నంబర్ల వరసలో పెట్టి చూస్తే మార్చి 31, జనవరి 4, ఫిబ్రవరి 4 అని మధ్యలో పక్కదారి పట్టినవి ఇట్టే దొరుకుతాయి. నంబరు అబద్ధం చెప్పదు. జీఎస్‌టీ రిటర్ను వేసే ముందే దిద్దుకోండి.

ఇదే రకం ప్రోగ్రాం గురించి రాయగడ నుంచి ఇంకొకరు, తెరవగానే "ఎంఎస్‌కామ్‌సీటీఎల్.ఓసీఎక్స్ లేదు" అంటోందని రాశారు. ఆ ఫైలుని పాత కంప్యూటర్‌లోని సిస్టమ్32 నుంచి తెచ్చి, కొత్తదాంట్లో సిస్‌వావ్64 ఫోల్డరులో పెట్టండి. పేర్లు చూసి మోసపోకండి: 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఫైళ్లుండేది సిస్‌వావ్64లో, 64 బిట్‌వి ఉండేది సిస్టమ్32లో. పేరు పెట్టినవాళ్లకే తెలియాలి. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్టులో సిస్‌వావ్64లోని రెగ్‌ఎస్‌వీఆర్32తో ఆ ఫైలుని నమోదు చేయాలి. తెలియని వెబ్‌సైట్ల నుంచి ఓసీఎక్స్, డీఎల్ఎల్ ఫైళ్లు దింపుకోకండి. ఫైలుతో పాటు వైరసూ వచ్చి చేరొచ్చు.

ప్రశ్న: పెళ్లికార్డులు, కరపత్రాలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను, అకృతి ఫాంట్లు మా ఆస్తి. కొత్త కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ ఎక్కింది గానీ ఫాంట్ల జాబితాలో సగం కనిపించడం లేదు, కొన్ని తెలుగు అక్షరాలకు బదులు చుక్కలు, డబ్బాలు పడుతున్నాయి. పీడీఎఫ్ చేస్తే బొమ్మలు ముతగ్గా వస్తున్నాయి. (డీటీపీ సెంటర్, పర్లాకిమిడి)

జవాబు: పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామే, కాబట్టి నడుస్తుంది. మూడు జబ్బులకూ మూడు కారణాలు.

ఫాంటు ఫైలు మీద కుడి మీట నొక్కి "ఇన్‌స్టాల్" అంటే, విండోస్ 10లోని కొత్త కూర్పుల నుంచి అది ఆ ఒక్క ఖాతాకే చేరుతుంది, విండోస్ ఫాంట్స్ ఫోల్డరులోకి పోదు. పాత ప్రోగ్రాములు ఆ సొంత అరలోకి తొంగిచూడవు. ఫాంట్లన్నీ తీసేసి, మళ్లీ ఎంచుకుని "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" నొక్కండి. వాడనివి ఎక్కించకండి, పేజ్‌మేకర్ తెరుచుకోవడమే ఆలస్యం అవుతుంది.

చుక్కలూ డబ్బాలూ పడటానికి కారణం వేరు. అను, అకృతి ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో, 128 తర్వాత ఉండే ప్రత్యేక గుర్తుల చోట్లలో తెలుగు, ఒడియా ముక్కలు కూర్చి చేసినవి. రీజియన్‌లో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబులో "యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష" అన్నచోట "బీటా: యూటీఎఫ్-8 వాడు" అన్న గడిలో టిక్కు ఉంటే ఆ 128 పైచోట్లన్నీ చెదిరిపోతాయి. అందుకే 'క' బాగుండి ఒత్తో గుణింతమో ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. టిక్కు తీసి, భాష ఇంగ్లీష్ (ఇండియా) పెట్టి, కంప్యూటర్ మళ్లీ మొదలుపెట్టండి. తెలుగు టైపు చేసే ప్రోగ్రాం, ఒడియా టైపు చేసే ప్రోగ్రాం రెండూ ఒకేసారి నడపొద్దు. రెండూ మీటలను మధ్యలోనే అందుకునేవి, ఆ లాగులాటలో అక్షరాలు కలగాపులగం అవుతాయి. పాత ఫైలు తెరిచి ప్రింటు తీయడానికైతే ఆ ప్రోగ్రాములు అక్కర్లేదు, ఫాంట్లుంటే చాలు.

బొమ్మలు ముతగ్గా రావడం మీరు పీడీఎఫ్‌కి వాడే దారి వల్ల. మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ పోస్ట్‌స్క్రిప్ట్ (అచ్చుకి పేజీని వర్ణించే భాష) ప్రింటరు కాదు. పేజ్‌మేకర్‌లో పెట్టిన ఈపీఎస్ బొమ్మలు పోస్ట్‌స్క్రిప్ట్ కాని ప్రింటరుకి వెళ్తే, తెర మీద చూపే నమూనా బొమ్మ మాత్రమే అచ్చవుతుంది. గణపతి బొమ్మ గళ్లుగళ్లుగా పడింది అందుకే. ఏదైనా పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు డ్రైవరుని ఫైల్ అనే పోర్టు మీద ఎక్కించి, పీఎస్ ఫైలుగా ప్రింటు తీసి, దాన్ని డిస్టిల్లరుతో గానీ ఉచిత ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో గానీ పీడీఎఫ్ చేయండి. ప్రూఫు చూపించడానికి పాత దారి చాలు, ప్లేటుకి మాత్రం ఇదే.

ఇంకొక్క మాట. సెట్టింగ్స్‌లో "నా డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకోనీ" అన్నది ఆఫ్ చేయండి. పేజ్‌మేకర్ పేజీని ప్రింటరుని బట్టి కూర్చుతుంది. నిన్న ఒక ప్రింటరు, ఇవాళ ఇంకోటి డిఫాల్ట్ అయితే తెరవగానే మళ్లీ కూర్చనా అని అడుగుతుంది. సరే అంటే వరుస విరుపులు జరిగి, ముహూర్తం లైను కింది పేజీకి పోవచ్చు.

ముందుచూపు కూడా కావాలి. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగల ఇన్‌డిజైన్ సీఎస్6తోనే ఆఖరు, తర్వాతి సీసీ కూర్పులు తెరవవు. లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది గానీ అమరిక అక్కడక్కడా జరుగుతుంది. ఎలా తెరిచినా లోపలి తెలుగు ముక్కలు యూనికోడ్ కావు. అందుకని అయిపోయిన ప్రతి పనికీ పీడీఎఫ్ తీసి దాచుకోండి.

ప్రశ్న: కాలేజీ ల్యాబులో టర్బో సీ++ 3. ఇంట్లో డాస్‌బాక్స్‌లో పెడితే "ఎస్‌టీడీఐఓ.హెచ్ తెరవలేను" అంటోంది. గ్రాఫిక్సు ప్రోగ్రాం అయితే బీజీఐ ఎర్రర్. (విద్యార్థి, రాయగడ)

జవాబు: ఆప్షన్స్, డైరెక్టరీస్‌లో ఇన్‌క్లూడ్ దారి సి:\టీసీ\ఇన్‌క్లూడ్, లైబ్రరీ దారి సి:\టీసీ\లిబ్ అని ఉండాలి. ఫోల్డరు వేరే పేరుతో ఉంటే ఆ పేరు. గ్రాఫిక్సు మొదలుపెట్టే ఇనిట్‌గ్రాఫ్‌లో బీజీఐ (గ్రాఫిక్సు డ్రైవర్ల) ఫోల్డరు దారి రాసేటప్పుడు వాలు గీతలు రెండేసి కొట్టాలి, ఒకటే కొడితే సీ భాష దాన్ని వేరేగా చదువుకుంటుంది. మౌస్ చిక్కుకుపోతే కంట్రోల్, ఎఫ్10. బయట మార్చిన ఫైలు లోపల కనిపించకపోతే కంట్రోల్, ఎఫ్4.

పరీక్ష కోసమే అయితే ఇది చాలు. నేర్చుకోవడానికైతే ఉచితంగా దొరికే జీసీసీ కంపైలరు వాడండి. టర్బోలో ఇంట్ 16 బిట్లు, అంటే 32767 దాకానే. 8 ఫ్యాక్టోరియల్ 40320 రావాలి, టర్బో -25216 చూపిస్తుంది. ప్రోగ్రాం తప్పనుకుని తల బాదుకోవద్దు.

ప్రశ్న: 1990ల్లో ఆఫీసులో జిస్ట్ కార్డు (భారతీయ లిపులు చూపే కార్డు) ఉన్న కంప్యూటర్‌లో తెలుగులో టైపు చేసుకున్న వ్యాసాలు మూడున్నర అంగుళాల ఫ్లాపీల్లో ఉన్నాయి. చదివించగలమా? (విశ్రాంత ఉద్యోగి, ఛత్రపురం)

జవాబు: యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు కొనండి, 1.44 ఎంబీ ఫ్లాపీలన్నీ చదువుతుంది. పెట్టే ముందు ప్రతి ఫ్లాపీకీ రేకు పక్కకి జరిపి లోపలి పళ్లెం చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో తెల్లటి బూజు పట్టడం మామూలే. బూజున్నది పెడితే అది డ్రైవు తలకి అంటి, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీసేస్తుంది. బాగున్నవి ముందు, బూజువి ఆఖరున. మూలనున్న చిన్న కిటికీ తెరిచి పెడితే దాని మీద ఏదీ రాయడం కుదరదు, అలా తెరిచే పెట్టండి. "ఫార్మాట్ చేయమంటారా" అని విండోస్ అడిగితే వద్దనే అనండి. ఫైళ్లు నకలు తీయడం మొరాయిస్తే లినక్స్‌లో డీడీరెస్క్యూతో ఫ్లాపీ మొత్తానికి ప్రతి తీయండి. చదవలేని చోటికి అది మళ్లీ మళ్లీ వెళ్లి ప్రయత్నిస్తుంది.

ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గందరగోళంగానే ఉంటుంది, ఎందుకంటే అది ఇస్కీ. భారతీయ భాషలకు 1991లో ప్రమాణంగా వచ్చిన సంకేతాలవి. విండోస్‌కి ఇస్కీ ఇప్పటికీ తెలుసు. తెలుగు ఇస్కీకి దాని కోడ్ పేజీ నంబరు 57005. పవర్‌షెల్ తెలిసినవారి చేత ఫైలుని బైట్లుగా చదివించి, 57005 ఎన్‌కోడింగుతో పాఠంగా మార్పించి, యూటీఎఫ్-8గా భద్రపరచమనండి. మూడు వరుసల పని. అన్ని లిపులకూ ఇస్కీ సంకేతాలు ఉమ్మడివి కాబట్టి, 57005 బదులు 57007 ఇస్తే మీ తెలుగు వ్యాసమే ఒడియా లిపిలో వస్తుంది. తెలుగు చదవలేని మనవలున్న ఇళ్లలో ఇది అక్కరకొచ్చే సంగతే.

57005తో కూడా అక్షరాలు అడ్డదిడ్డంగా వస్తే అది పీసీ-ఇస్కీ అయివుంటుంది. తెర మీద గీతలు, డబ్బాలు గీసే గుర్తులకు చోటు వదలడానికి అక్షరాలను పక్కకి జరిపిన అమరిక. ముందు ఆ చోట్లను మామూలు ఇస్కీ చోట్లకి మార్చే పట్టిక వేసుకుని, తర్వాతే 57005.

ప్రశ్న: మా ల్యాబులో రక్తపరీక్ష యంత్రం ఎక్స్‌పీ కంప్యూటర్‌తో నడుస్తుంది. లోపల ఒక పీసీఐ కార్డు, ప్యారలల్ పోర్టుకి డాంగిల్. కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్ (లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాం) వేయించుకోమంటున్నారు. (ల్యాబు టెక్నీషియన్, జయపురం)

జవాబు: వద్దు. మీరు వాడబోయే మామూలు వర్చువల్ మెషీన్లకు ఆ పీసీఐ కార్డు కనిపించదు. డాంగిల్‌కి యూఎస్‌బీ-ప్యారలల్ తీగ కొన్నా దండగే. ఆ తీగ ప్రింటరుగా మాత్రమే కనిపిస్తుంది, డాంగిల్ వెతికే 378 అనే పోర్టు చిరునామా అందులో ఉండదు. యంత్రం సీరియల్ తీగ ఒక్కదానితో నడిచేదైతే వర్చువల్ మెషీన్ మంచిదే: 512 ఎంబీ ర్యామ్, డిస్కు ఐడీఈ రకం (సాటా పెడితే ఎక్స్‌పీ నీలం తెరతో ఆగిపోతుంది), నెట్‌వర్కు తీసేసి.

మీ విషయంలో పాత పెట్టెనే బతికించాలి. దాని డిస్కుని క్లోనెజిల్లాతో మరో డిస్కుకి మొత్తం నకలు తీయండి. ఆ నకలుతో ఒక పూట యంత్రం నడిపి చూశాకే అది నకలు అని నమ్మండి. సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది చచ్చి తేదీ వెనక్కి పోతే రిపోర్టుల మీద తేదీ తప్పు పడుతుంది, కొన్ని డాంగిళ్లు కూడా ఒప్పుకోవు. మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లుంటే ఇప్పుడే మార్పించండి. అదే మోడలు పాత కంప్యూటర్ ఇంకోటి దొరికితే విడిభాగాలకు కొని పక్కన పెట్టుకోండి. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగింది, కాబట్టి నెట్‌ తీగ దానికి తగిలించొద్దు. ఫలితాలు పెన్‌డ్రైవులో బయటికి తెచ్చేటట్టయితే, ఆ పెన్‌డ్రైవు ఈ ఒక్క పనికే వాడండి.